వ్యక్తిగత రుణాల వడ్డీ – ఆదాయపు పన్ను: ఒక చారిత్రక పరిశీలన

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు:

• ఆదాయపు పన్ను లెక్కలో వడ్డీని ఎందుకు తీసివేస్తారు, ఏ వడ్డీని తీసివేయరు
• 1860 నుంచి నేటి వరకు భారతదేశ చట్టంలో ఈ నియమం మారిన తీరు
• అమెరికా, బ్రిటన్ దేశాల అనుభవం
• వడ్డీ తగ్గింపు వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు

1. ప్రస్తావన

అధ్యయన కేంద్రాల్లో ఆదివారం తరగతులకు వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ చదివేవారే. పాఠం అయిపోయాక వారిలో ఒకరో ఇద్దరో ఆగి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకున్నాను. కట్టిన వడ్డీని ఆదాయపు పన్నులో చూపించుకోవచ్చా?" ఈ ప్రశ్నకు 'అవును' అనో 'కాదు' అనో ఒక్క మాటలో జవాబు చెబితే, రెండూ తప్పే అవుతాయి.

ఈ తప్పు నేను స్వయంగా చేశాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సొంత ఇంటి పైకప్పు మరమ్మతు కోసం ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకున్నాను. సంఘం ఇచ్చిన పత్రంలో 'వ్యక్తిగత రుణం' అని ఉంది. కార్యాలయంలో జీతాల బిల్లులు చూసే విభాగం ఆ మాట చూడగానే వడ్డీ చెల్లదని చెప్పింది. నేనూ నమ్మాను. మూడేళ్లు ఆ వడ్డీని లెక్కలో చూపలేదు. నా పరిశోధన పన్నుల చరిత్ర మీద కాకపోవడం వల్ల చట్టాన్ని తెరిచి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. తరువాత మరో పని మీద చట్టం చదువుతుంటే, ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పు వడ్డీకి ఒక పరిమితి వరకు తగ్గింపు ఉందని, అప్పు పత్రం మీద ఏ పేరు ఉండాలో చట్టం ఎక్కడా చెప్పలేదని తెలిసింది.

ఈ పాఠానికి మూలం అదే. భారతదేశ ఆదాయపు పన్ను చట్టంలో 'వ్యక్తిగత రుణం' అనే విభాగమే లేదు. అది బ్యాంకులు పెట్టుకున్న పేరు. చట్టం ప్రధానంగా అడిగే ప్రశ్న ఒకటే: అప్పు తెచ్చిన సొమ్ము ఎక్కడికి వెళ్లింది? ఈ ప్రశ్న ఎలా పుట్టింది, దానికి మధ్యలో ఎలాంటి సడలింపులు వచ్చాయి, అవి ఎందుకు తొలగిపోతున్నాయి అన్నది ఇప్పుడు పరిశీలిద్దాం.

2. మూలసూత్రం

ఆదాయపు పన్నును రాబడి మీద కాక, నికర ఆదాయం మీద వేస్తారు. వంద రూపాయల రాబడి కోసం నలభై ఖర్చు చేస్తే పన్ను అరవై మీదే. ఆ నలభైలో వడ్డీ కూడా ఉండవచ్చు. కిరాణా దుకాణదారు సరుకు కోసం అప్పు చేస్తే, ఆ వడ్డీ దుకాణం అద్దె లాంటి ఖర్చే. దీనిని పన్ను వేసే ఆదాయం నుంచి తీసివేయడాన్ని 'తగ్గింపు' అంటాం. కొన్ని ఆదాయాలను అసలు లెక్కలోకే తీసుకోకపోవడాన్ని 'మినహాయింపు' అంటాం. వ్యవహారంలో ఈ రెంటినీ కలిపి మినహాయింపు అనడం కద్దు. పరీక్షలో మాత్రం తేడా చూపాలి.

ఇక రెండో వైపు. అదే దుకాణదారు కూతురి పెళ్లికి, తల్లి వైద్యానికి, పండుగ ఖర్చుకు అప్పు చేస్తే? ఆ సొమ్ము ఆదాయం తేలేదు. ఆదాయాన్ని అనుభవించడంలో భాగం అయింది. తిండికి, బట్టకు పెట్టిన ఖర్చును పన్ను లెక్కలో తీసివేయనప్పుడు, వాటి కోసం చేసిన అప్పు వడ్డీని కూడా తీసివేయకూడదన్నది ఆర్థికవేత్తల వాదం. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కాని జీవితంలో సంపాదనకూ వాడకానికీ మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. ఉద్యోగానికి వెళ్లడానికి కొన్న మోటార్ సైకిల్ దేని కింద వస్తుంది? చదువుకు చేసిన అప్పు ఖర్చా, పెట్టుబడా? సొంత ఇల్లు అనుభవమా, ఆస్తా? వడ్డీ తగ్గింపు చరిత్ర అంతా ఈ గీతను ఎక్కడ గీయాలన్న వివాదమే.

3. తొలి చట్టాలు: 1860–1918

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వ ఖజానా లోటులో పడింది. దాన్ని పూడ్చడానికి భారత ప్రభుత్వపు తొలి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్నును ప్రవేశపెట్టాడు. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల ఆదాయంపై 2 శాతం, ఆపైన 4 శాతం పన్ను. విల్సన్ అదే సంవత్సరం ఆగస్టులో కలకత్తాలో మరణించాడు. ఆ చట్టం 1865లో ముగిసింది. తరువాత రెండు దశాబ్దాల పాటు పన్ను వస్తూ పోతూ ఉండి, 1886 చట్టంతో స్థిరపడింది.

1886 చట్టంలో మన పాఠానికి ముఖ్యమైన అంశం వ్యవసాయ ఆదాయానికి ఇచ్చిన మినహాయింపు. అది నేటికీ కొనసాగుతోంది. దీని ఫలితాన్ని గమనించండి. ఆ రోజుల్లో అప్పుల భారం ఎక్కువగా మోసినవాడు రైతు. కాని పన్ను వేసే ఆదాయమే లేనివాడికి అందులోంచి తీసివేయడానికి ఏముంటుంది? అంటే వడ్డీ తగ్గింపు అనే సౌకర్యం మొదటి నుంచి రైతు గడప తొక్కలేదు. అది వ్యాపారికి, ఇంటి యజమానికి, పట్టణ ప్రజలకు సంబంధించిన విషయంగానే పెరిగింది.

4. 1922 చట్టం: మూడు దారులు

స్వాతంత్ర్యానికి ముందు వచ్చిన చట్టాల్లో అత్యంత ప్రధానమైనది 1922 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం. అది నాలుగు దశాబ్దాలు అమల్లో ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి సొంత ఆదాయపు పన్ను చట్టం ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడ కూడా 1922 చట్టమే అమల్లోకి వచ్చింది. అందువల్ల తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలు ఒకే పన్ను చట్టం కిందికి వచ్చిన కాలం అది.

ఈ చట్టంలో వడ్డీకి మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది వ్యాపారం. సెక్షన్ 10 కింద వ్యాపారం కోసం అప్పు తెచ్చిన మూలధనంపై వడ్డీని తీసివేయవచ్చు.

రెండోది ఇతర ఆధారాల ఆదాయం. సెక్షన్ 12 కింద ఆ ఆదాయం సంపాదించడానికే చేసిన ఖర్చును తీసివేయవచ్చు. అయితే మదింపుదారు సొంత ఖర్చులకు ఎలాంటి తగ్గింపు ఉండదని చట్టం స్పష్టంగా చెప్పింది.

మూడోది ఇల్లు. సెక్షన్ 9 కింద ఇంటిని కొనడానికి, కట్టడానికి, మరమ్మతు చేయడానికి చేసిన అప్పు వడ్డీని ఇంటి ఆదాయం నుంచి తీసివేయవచ్చు. దానితోపాటు, ఇల్లు తనఖాలో ఉంటే ఆ తనఖా వడ్డీని కూడా తీసివేయవచ్చని చట్టం చెప్పింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. తనఖా విషయంలో అప్పు ఎందుకు చేశావని చట్టం అడగలేదు. ఇంటిని తనఖా పెట్టి పెళ్లి చేసినా, పాత బాకీ తీర్చినా, ఆ వడ్డీ ఇంటి అద్దె ఆదాయం నుంచి తగ్గేది. అంటే సొమ్ము ఎక్కడికి వెళ్లిందన్న ప్రశ్న స్థానంలో, ఏది తాకట్టులో ఉందన్న ప్రశ్న నిలిచింది. ఇల్లున్నవాడి సొంత ఖర్చుకు ఈ దారి పనికివచ్చింది. ఇల్లు లేనివాడు అదే అవసరానికి, బహుశా ఎక్కువ వడ్డీకి, చేబదులు తెచ్చుకుంటే అతనికి ఏమీ దక్కలేదు. తరువాతి కాలంలో తనఖా క్లాజు తొలగిపోయింది. నేటి చట్టంలో ఇంటి మీద అప్పు చేస్తే చాలదు, ఇంటి కోసం అప్పు చేయాలి.

5. 1961 చట్టం – న్యాయస్థానాల తీర్పులు

1961 ఆదాయపు పన్ను చట్టం 1962 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని దారులు కొత్త సంఖ్యలతో కొనసాగాయి. వ్యాపార రుణ వడ్డీ సెక్షన్ 36(1) మూడో క్లాజులో, ఇంటి రుణ వడ్డీ సెక్షన్ 24లో, ఇతర ఆదాయం కోసం చేసిన ఖర్చు సెక్షన్ 57 మూడో క్లాజులో చేరాయి. జీతం శీర్షిక కింద మాత్రం వడ్డీకి చోటు లేదు. ఉద్యోగి ఉద్యోగం కోసమే అప్పు చేశానన్నా జీతం నుంచి ఆ వడ్డీని తీసివేయడానికి వీలు లేదు.

చట్టం మాటలు కొన్నే. వాటి అర్థాన్ని తేల్చింది న్యాయస్థానాలు. నాలుగు తీర్పులను పరిశీలిద్దాం.

ఎ) రాజేంద్ర ప్రసాద్ మూడీ కేసు (1978): అప్పు తెచ్చి షేర్లు కొన్నారు. ఆ ఏడాది డివిడెండ్ ఏమీ రాలేదు. ఆదాయమే రానప్పుడు వడ్డీ ఎలా తీసివేస్తారని పన్ను శాఖ వాదించింది. ఖర్చు ఆదాయం కోసం చేసిందైతే చాలు, ఆదాయం వచ్చి తీరాలన్న నిబంధన చట్టంలో లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉద్దేశం ముఖ్యం, ఫలితం కాదు.

బి) మాధవ్ ప్రసాద్ జాటియా కేసు (1979): ఒక వ్యాపారి మహిళ తన భర్త స్మారకంగా ఇంజనీరింగ్ విద్యాసంస్థకు విరాళం ఇచ్చారు. సొమ్ము వ్యాపారపు బ్యాంకు ఖాతా నుంచి ఓవర్‌డ్రాఫ్ట్‌గా వెళ్లింది. ఆ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అప్పు చేసి ఉండాలి, అది వ్యాపారం కోసం చేసి ఉండాలి, దానిపై వడ్డీ చెల్లించి ఉండాలి – ఈ మూడూ ఉంటేనే తగ్గింపు అని వివరించింది. వ్యాపార ఖాతా నుంచి వెళ్లినంత మాత్రాన అప్పు వ్యాపార రుణం కాదు. విరాళం ఎంత మంచిదైనా అది వ్యాపారం కాదు.

సి) పద్మావతి జయకృష్ణ కేసు (1987): ఆదాయపు పన్ను, సంపద పన్ను కట్టడానికి అప్పు చేశారు. ఆస్తులు అమ్మి పన్ను కట్టి ఉంటే వాటి మీద వచ్చే ఆదాయం పోయేది కాబట్టి, ఆ అప్పు ఆదాయాన్ని నిలబెట్టుకోవడానికేనని వాదించారు. పన్ను కట్టడం వ్యక్తి సొంత బాధ్యత, ఆదాయ సంపాదన కాదని సుప్రీంకోర్టు తేల్చింది.

డి) వి.పి. గోపీనాథన్ కేసు (2001): ఒకరు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని, దాని హామీ మీద అదే బ్యాంకులో అప్పు తీసుకున్నారు. డిపాజిట్ మీద వచ్చిన వడ్డీలోంచి అప్పు మీద కట్టిన వడ్డీని తీసివేసి మిగిలిందే ఆదాయంగా చూపారు. మామూలు మనిషికి ఇది సహజమైన లెక్కలాగే తోస్తుంది. బ్యాంకు ఒక చేత్తో ఇచ్చింది, మరో చేత్తో తీసుకుంది. కాని డిపాజిట్ ఆదాయం కోసం ఆ అప్పు చేయలేదు గనుక తగ్గింపు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ నాలుగింటినీ కలిపి చదివితే ఒక నియమం తేలుతుంది. తాకట్టు ఏమిటి, ఖాతా ఎవరిది, అప్పు పేరు ఏమిటి అన్నవి నిర్ణాయకాలు కావు. సొమ్ము ఏ పనికి వెళ్లిందన్నదే నిర్ణాయకం. కాబట్టి 'పర్సనల్ లోన్' తెచ్చి దుకాణంలో సరుకు వేస్తే వడ్డీ వ్యాపార ఖర్చు. 'బిజినెస్ లోన్' తెచ్చి పెళ్లి చేస్తే ఆ వడ్డీకి తగ్గింపు లేదు. అయితే సొమ్ము వెళ్లిన దారిని రుజువు చేసే భారం మదింపుదారు మీదే ఉంటుంది. పర్సనల్ లోన్ పత్రాల్లో ఉద్దేశం సాధారణంగా రాసి ఉండదు గనుక, బ్యాంకు ఖాతా వివరాలు, రసీదులు, బిల్లులు దాచుకోవడం తప్పనిసరి. నియమం మదింపుదారు పక్షాన ఉన్నా కాగితం లేక ఓడిపోయేవారు ఇక్కడే ఎక్కువ.

6. సూత్రం నుంచి ప్రోత్సాహకానికి

ఇప్పటి వరకు చూసింది నికర ఆదాయ సూత్రం. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో మరో ఆలోచన బలపడింది. ప్రజలు ఏ పని చేయాలని ప్రభుత్వం కోరుకుంటుందో, ఆ పని కోసం చేసిన అప్పు వడ్డీని తగ్గింపుగా ఇవ్వడం. ఇది లెక్కలో న్యాయం కోసం ఇచ్చింది కాదు, విధానంలో భాగంగా ఇచ్చింది.

ఇల్లు: సొంతంగా నివసిస్తున్న ఇంటికి అద్దె రాదు. తొలుత చట్టం దానికి కూడా ఒక ఊహాత్మక వార్షిక విలువ కట్టి, రాయితీలు పోను మిగిలింది ఆదాయంలో కలిపేది. తరువాత ఆ విలువను సున్నాగా చేశారు. ఆదాయం సున్నా అయినా వడ్డీ తగ్గింపును ఒక పరిమితితో ఉంచారు. సున్నాలోంచి వడ్డీ తీసివేస్తే నష్టం వస్తుంది. ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. మధ్యతరగతి ఉద్యోగికి ఇది పెద్ద ఊరట అయింది. గృహ నిర్మాణాన్ని, దానితో సిమెంటు, ఉక్కు, కూలి పనులను పెంచాలన్న ఉద్దేశంతో ఈ పరిమితి త్వరత్వరగా పెరిగింది. 30,000 రూపాయలుగా ఉన్నది 1999 బడ్జెట్‌లో 75,000కు, 2000లో లక్షకు, 2001లో లక్షన్నరకు, 2014లో 2 లక్షలకు చేరింది. మరమ్మతు కోసం చేసిన అప్పులకు మాత్రం 30,000 దగ్గరే ఆగిపోయింది. కొత్త ఇల్లు కొనేవారి పరిమితి ఆరు రెట్లు దాటగా, పాత ఇంటి పైకప్పు బాగు చేసుకునేవారి పరిమితి కదలలేదు.

ఇక్కడ ఒక విశేషం. సెక్షన్ 24 కింద ఇంటి అప్పు బ్యాంకులోనే తీసుకోవాలన్న నియమం లేదు. బంధువు దగ్గరైనా తీసుకోవచ్చు. అతను వడ్డీ వివరాలతో ధ్రువపత్రం ఇవ్వాలి; ఆ వడ్డీని తన ఆదాయంలో చూపాలి.

చదువు: ఉన్నత విద్య రుణాలకు సెక్షన్ 80ఇ 1994లో వచ్చింది. మొదట అసలు, వడ్డీ కలిపి ఒక పరిమితి వరకు తగ్గింపు ఉండేది. 2005లో దాన్ని మార్చి, అసలును తొలగించి, వడ్డీకి పరిమితి ఎత్తివేశారు. గరిష్ఠంగా ఎనిమిది సంవత్సరాలు ఈ సౌకర్యం ఉంటుంది. 2007లో జీవిత భాగస్వామి, పిల్లల చదువు కోసం తీసుకున్న రుణాలకు కూడా విస్తరించారు. అయితే ఇంటి విషయంలోలా కాకుండా, ఈ అప్పు బ్యాంకు వంటి ఆర్థిక సంస్థ నుంచో, ఆమోదం పొందిన ధార్మిక సంస్థ నుంచో రావాలి. కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకు ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు తెచ్చిన తండ్రికి సెక్షన్ 80ఇ వర్తించదు. ఎక్కువ వడ్డీ కట్టేవాడికే తగ్గింపు లేకపోవడం ఇందులోని వైరుధ్యం.

ఇతరాలు: మొదటి ఇల్లు కొనేవారికి అదనపు వడ్డీ తగ్గింపుగా 2013లో సెక్షన్ 80ఇఇ, అందుబాటు ధర ఇళ్లకు 2019లో 80ఇఇఎ వచ్చాయి. 2019లోనే విద్యుత్ వాహనాల రుణ వడ్డీకి లక్షన్నర వరకు 80ఇఇబి కింద తగ్గింపు ఇచ్చారు. ఇవన్నీ నిర్ణీత తేదీల మధ్య మంజూరైన రుణాలకే. గడువు ముగియగానే కొత్త రుణాలకు తలుపు మూసుకుంది.

వైద్యం జాబితాలో లేదు. ఆసుపత్రి ఖర్చు కోసం చేసిన అప్పు వడ్డీకి భారతదేశ చట్టంలో ప్రత్యేక తగ్గింపు లేదు.

7. అమెరికా, బ్రిటన్ అనుభవం

మనం నడిచిన దారి ఒక్కటే దారి కాదు. అమెరికాలో 1913 ఆదాయపు పన్ను చట్టం అన్ని అప్పుల వడ్డీనీ తగ్గింపుగా అనుమతించింది. ఏ పని కోసమని అడగలేదు. వాయిదాల కొనుగోళ్లు, క్రెడిట్ కార్డులు ఇంకా విస్తరించని కాలం అది. తరువాత అవి విస్తరించాక కూడా, కారు వాయిదా వడ్డీ, కార్డు వడ్డీ పన్ను లెక్కలో తగ్గుతూనే వచ్చాయి. దాదాపు ఏడు దశాబ్దాలు ఇది నడిచింది.

1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన పన్ను సంస్కరణ చట్టం దీనికి ముగింపు పలికింది. పన్ను రేట్లు తగ్గించి, దానికి బదులుగా తగ్గింపులను కోశారు. వ్యక్తిగత వడ్డీలో 1987లో 65 శాతం, 1988లో 40, 1989లో 20, 1990లో 10 శాతం మాత్రమే అనుమతించి, 1991 నుంచి పూర్తిగా తీసేశారు. కాని ఇంటి రుణ వడ్డీని ఉంచారు. అంతేకాదు, ఇంటి విలువ మీద తీసుకున్న అప్పును ఏ పనికి వాడినా లక్ష డాలర్ల రుణం వరకు వడ్డీ తగ్గింపు కొనసాగింది. ఫలితంగా కారు కొనడానికి, కార్డు బాకీ తీర్చడానికి జనం ఇంటి మీద అప్పు చేశారు. మన 1922 చట్టంలోని తనఖా క్లాజు గుర్తుకు వస్తోందా? ఇల్లున్నవాడికి దొరికిన దారి, అద్దె ఇంట్లో ఉండేవాడికి దొరకలేదు. 2017 చట్టం ఈ దారిని కూడా మూసి, ఇంటిని కొనడానికి, కట్టడానికి, బాగు చేయడానికి వాడితేనే తగ్గింపు అంది. మధ్యలో 1997లో విద్యా రుణ వడ్డీకి చోటు దొరికింది. 2025 చట్టం అమెరికాలో తయారైన కొత్త కార్ల రుణ వడ్డీకి ఏడాదికి 10,000 డాలర్ల వరకు, 2025 నుంచి 2028 వరకు తగ్గింపు ఇచ్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ నియమాలు ఇంటి లెక్కల్లో భాగమే.

బ్రిటన్‌లో 1969లో వ్యక్తిగత రుణ వడ్డీపై ఆంక్షలు పెట్టారు, 1972లో సడలించారు, 1974లో మళ్లీ బిగించారు. ప్రభుత్వం మారినప్పుడల్లా నియమం మారింది. చివరికి మిగిలిన ఇంటి రుణ వడ్డీ రాయితీ కూడా క్రమంగా తగ్గి 2000 ఏప్రిల్‌లో రద్దయింది.

ఈ రెండు దేశాల చరిత్ర నుంచి గ్రహించవలసింది ఒకటుంది. 'వ్యక్తిగతం' అన్నది ప్రకృతి గీసిన గీత కాదు. శాసనసభలు గీసేది, చెరిపేది, మళ్లీ గీసేది.

8. 2020 తరువాత

2017లో మన దేశంలో ఇంటి శీర్షిక కింద వచ్చిన నష్టాన్ని ఇతర ఆదాయాల నుంచి ఏడాదికి 2 లక్షలకు మించి తగ్గించకూడదని నిర్ణయించారు. అద్దెకిచ్చిన ఇళ్ల మీద పెద్ద అప్పులు చేసి జీతం మీద పన్ను తగ్గించుకునేవారికి దీనితో కళ్లెం పడింది. 2020లో డివిడెండ్ ఆదాయంపై వడ్డీ తగ్గింపును ఆ డివిడెండ్‌లో 20 శాతానికి పరిమితం చేశారు.

అదే ఏడాది సెక్షన్ 115బిఎసి ద్వారా కొత్త పన్ను విధానం వచ్చింది. తక్కువ రేట్లు కావాలంటే తగ్గింపులు వదులుకోవాలన్నది దీని సారం. అమెరికా 1986లో చేసిన బేరం లాంటిదే. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇదే సహజ విధానం అయింది. పాతది కావాలనుకున్నవారు ప్రత్యేకంగా ఎంచుకోవాలి. కొత్త విధానంలో సొంత ఇంటి వడ్డీ తగ్గింపు లేదు, విద్యా రుణ వడ్డీ తగ్గింపు లేదు. వ్యాపార రుణ వడ్డీ మాత్రం అలాగే ఉంది. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని ఆ అద్దెలోంచి తీసివేయవచ్చు. నష్టం వస్తే జీతంలోంచి తగ్గించుకోలేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా చేసిన 2025 ఆదాయపు పన్ను చట్టం 1961 చట్టం స్థానంలోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని, ఈ విభజన మారలేదు.

మరోలా చెప్పాలంటే, విధానం కోసం ఇచ్చినవి వెనక్కి వెళ్తున్నాయి. సూత్రం కోసం ఇచ్చినవి నిలిచాయి.

9. మేలు ఎవరికి?

ఒక ఉదాహరణ చూద్దాం. ముగ్గురు వ్యక్తులు ఒకే బ్యాంకులో 12 శాతం వడ్డీకి 5 లక్షల చొప్పున పర్సనల్ లోన్ తీసుకున్నారు. మొదటి ఏడాది వడ్డీ ఒక్కొక్కరికి 60,000 అనుకుందాం. ముగ్గురూ పాత విధానంలో 20 శాతం పన్ను పరిధిలో ఉన్నారు. సెస్సును లెక్కించడం లేదు.

• మొదటివారు దుకాణంలో సరుకు వేశారు. తగ్గింపు 60,000. పన్ను ఆదా 12,000. వడ్డీ నికర భారం 48,000.
• రెండోవారు సొంత ఇల్లు మరమ్మతు చేయించారు. తగ్గింపు 30,000. ఆదా 6,000. నికర భారం 54,000.
• మూడోవారు తల్లికి ఆపరేషన్ చేయించారు. తగ్గింపు లేదు. నికర భారం 60,000.

అవసరంలో అందరికంటే గత్యంతరం లేనిది మూడోవారికే. నికర ఆదాయ సూత్రం ప్రకారం చూస్తే చట్టం తప్పు చేయలేదు. కాని న్యాయం దృష్టితో చూస్తే ప్రశ్న మిగులుతుంది.

రెండో విషయం. తగ్గింపు విలువ పన్ను రేటు మీద ఆధారపడుతుంది. అదే 60,000 తగ్గింపు 30 శాతం పరిధిలో ఉన్నవారికి 18,000 మిగిలిస్తే, 5 శాతం పరిధిలో ఉన్నవారికి 3,000 మిగులుస్తుంది. పన్ను కట్టేంత ఆదాయం లేనివారికి ఏమీ మిగలదు. ఆదాయం పెరిగిన కొద్దీ పెరిగే సహాయం ఇది.

అందుకే పేదల వడ్డీ భారం తగ్గించాలనుకున్నప్పుడు ప్రభుత్వాలు పన్ను చట్టాన్ని ఆశ్రయించలేదు. వడ్డీనే నేరుగా తగ్గించాయి. 2006–07 నుంచి కేంద్రం స్వల్పకాలిక పంట రుణాలకు వడ్డీ రాయితీ ఇస్తూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా స్వయం సహాయక సంఘాలకు 2004లో 'పావలా వడ్డీ' పథకం వచ్చింది. నెలకు నూటికి పావలా, అంటే ఏడాదికి 3 శాతం మాత్రమే సంఘం భరిస్తుంది. మిగిలింది ప్రభుత్వం ఇస్తుంది. 2012లో అది వడ్డీ లేని రుణాల పథకంగా మారింది. ఆదాయపు పన్ను రిటర్ను ఎన్నడూ వేయని మహిళకు వడ్డీలో ఊరట ఇలా చేరింది. పన్ను తగ్గింపును, వడ్డీ రాయితీని పక్కపక్కన పెట్టి చదివితేనే ప్రభుత్వం ఎవరికి ఎంత ఇచ్చిందో తెలుస్తుంది.

10. సారాంశం

భారతదేశంలో వడ్డీ తగ్గింపు ఆదాయం సంపాదించడానికి అయిన ఖర్చుగా మొదలైంది. 1922 చట్టంలో తనఖా క్లాజు ద్వారా ఇంటి యజమానుల సొంత అప్పులకు కూడా దారి ఉండేది. అది తరువాత మూసుకుంది. 1961 చట్టం కింద న్యాయస్థానాలు సొమ్ము వినియోగాన్నే గీటురాయిగా నిలబెట్టాయి. ఇల్లు, చదువు, విద్యుత్ వాహనాలకు విధానపరంగా ఇచ్చిన తగ్గింపులు 2020 తరువాత కొత్త పన్ను విధానంలో చోటు కోల్పోయాయి.

తరగతి తరువాత ఆగి అడిగే విద్యార్థికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. "అప్పు పత్రం మీద ఏముందో పక్కన పెట్టు. ఆ సొమ్ము దేనికి వాడావు? దానికి కాగితం ఉందా? నువ్వు ఏ పన్ను విధానంలో ఉన్నావు?" ఈ మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే, మొదటి ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

కీలక పదాలు

తగ్గింపు: పన్ను వేసే ఆదాయాన్ని లెక్కించేటప్పుడు తీసివేయడానికి చట్టం అనుమతించిన మొత్తం.
మదింపుదారు: చట్టం కింద పన్ను లేదా ఇతర మొత్తం చెల్లించవలసిన వ్యక్తి.
వార్షిక విలువ: ఇంటి నుంచి ఏడాదికి రాగలదని చట్టం లెక్కగట్టే ఆదాయం.
వడ్డీ రాయితీ: రుణగ్రహీత కట్టవలసిన వడ్డీలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించడం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అ. పది వాక్యాల్లో జవాబు రాయండి.
1. 1922 చట్టంలోని తనఖా క్లాజుకూ, 1986 తరువాత అమెరికాలో ఇంటి మీద చేసిన అప్పులకూ ఉన్న పోలిక ఏమిటి?
2. గోపీనాథన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పును వివరించండి.
3. సెక్షన్ 24, సెక్షన్ 80ఇ – అప్పు ఇచ్చేవారి విషయంలో ఈ రెంటి మధ్య తేడా రాయండి.

ఆ. ముప్పై వాక్యాల్లో జవాబు రాయండి.
1. వడ్డీ తగ్గింపు విషయంలో 'సూత్రం', 'ప్రోత్సాహకం' అన్న రెండు ఆలోచనలు భారతదేశ చట్టంలో ఎలా కలిశాయి, ఎలా విడిపోతున్నాయి?
2. వైద్యం కోసం చేసిన అప్పు వడ్డీకి తగ్గింపు ఇవ్వాలా? నికర ఆదాయ సూత్రాన్ని, తగ్గింపు ఎవరికి ఎంత మేలు చేస్తుందన్న అంశాన్ని దృష్టిలో ఉంచుకుని మీ అభిప్రాయం రాయండి.

ఇ. చేయవలసిన పని
మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగున గానీ ఉన్న మూడు అప్పులను తీసుకోండి. పేర్లు రాయవద్దు. ప్రతి అప్పుకూ వడ్డీ రేటు, అప్పు ఇచ్చినవారు బ్యాంకా వ్యక్తా అన్నది, సొమ్ము వాడిన పని పట్టికగా రాసి, ఏ వడ్డీకి తగ్గింపు వస్తుందో, దేనికి రాదో కారణంతో చూపండి.